మాట్లాడినప్పుడల్లా వేడెక్కే యంత్రం

జనవరి 9

అన్నయ్యా,

వదిన ఆజ్ఞ ప్రకారం ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. మనిద్దరం ఫోనెత్తితే మొదట కుశలం, తరవాత కేకలు, ఆపైన నెల్లాళ్ళ అలక, మధ్యలో తనకు తలనొప్పి అని వదిన తేల్చి చెప్పింది. "కాగితం మీద ఎంత అరుచుకున్నా నాకు వినబడదు. ఇకనుంచి ఉత్తరాలే" అంది. ఆవిడ మాట కాదనే ధైర్యం నీకే లేదు, నాకెక్కడిది?

పోయినసారి గొడవ గురించి ఒక్క ముక్క. నువ్వు రెండు కిలోలు తగ్గానన్నావు. బరువు చూసుకునే ఆ కొత్త మిషనుని ఎక్కడైనా సరిచూశావా అని అడిగాను. అంతేగా! దానికి నువ్వు "నా సంతోషం చూస్తే నీ కళ్ళు మండుతాయి" అన్నావు. నీ సంతోషం మీద నాకే అనుమానమూ లేదు అన్నయ్యా, ఉన్నదల్లా మిషను మీదే.

ఇంతకీ ఈ అనుమానం జబ్బుకే ఆఫీసులో నాకు పెద్దపీట వేశారు. నన్ను క్రమదోషాల విభాగానికి అధిపతిని చేశారు. పేరు చూసి కంగారుపడకు, చెబుతాను. విశ్వం పసికందుగా ఉన్నప్పటి వేడిలో కాస్త వెచ్చదనం ఇప్పటికీ ఆకాశమంతా మిగిలి ఉంది. మా ఉపగ్రహం దాన్ని కొలుస్తుంది. ఏ దిక్కు చూసినా దాదాపు ఒకటే. ఆ దాదాపులో ఉన్న తేడా డిగ్రీలో లక్షో వంతు, పది లక్షో వంతు. అంత చిన్నదాన్ని కొలిచేటప్పుడు రెండు రకాల తప్పులొస్తాయి. ఒకటి, ఓసారి ఎక్కువా ఓసారి తక్కువా చూపించేది. వందసార్లు కొలిచి సగటు తీస్తే అది దానంతటదే సర్దుకుంటుంది. రెండోది నీ మిషను రకం. వందసార్లెక్కినా వందసార్లూ అదే అబద్ధం, అంతే ధైర్యంగా చెబుతుంది. సగటు తీసినకొద్దీ అబద్ధం మరింత నిజంలా కనిపిస్తుంది. దాన్నే క్రమదోషం అంటారు. మా ఉపగ్రహం తనను తాను మోసం చేసుకునే దారులన్నీ వెతకడం నా పని.

మా విభాగం ఉన్నది మెట్లకింద గదిలో, జిరాక్స్ మిషను పక్కన. కాగితాల కోసం వచ్చినవాళ్ళు, ఆసుపత్రిలో పక్క మంచం రోగిని పలకరించినట్టు నాకేసి తలూపి పోతారు. మా సంస్థలో తప్పులక్కూడా కేటాయింపులుంటాయి. అద్దాలవాళ్ళు ఇంత తప్పు చెయ్యొచ్చు, శీతలయంత్రాలవాళ్ళు ఇంత చెయ్యొచ్చు అని ముందే పంచిపెట్టారు. తిలాపాపం తలా పిడికెడు. నిన్న అద్దాలవాళ్ళు తమ వాటా తప్పు చాలడం లేదన్నారు. శీతలయంత్రాలవాళ్ళ దగ్గర వాడని తప్పు మిగిలి ఉందట, ఇమ్మంటే ఇవ్వరు, వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకుంటారట. ఇలా కొట్టుకుని చివరికి ఎవరి తప్పు వాళ్ళ వాటా లోపలే ఉందని అందరూ సంతకాలు పెట్టారు. అన్నీ కూడితే మొత్తం ఎంతవుతుందని అడిగాను. అందరూ టీ కప్పులు అందుకున్నారు.

మా డైరెక్టరుని అందరం పెద్దాయన అంటాం. ఆయన కుడివైపు ఎప్పుడూ ఒక ఉపాధిపతి కూర్చుంటాడు. పెద్దాయన ఏమన్నా "అంతేనండి" అంటాడు కాబట్టి ఆయనకి తథాస్తు అని పేరుపెట్టుకున్నాం. నా ప్రశ్నకి పెద్దాయన "మంచి ప్రశ్న, తరవాత చూద్దాం" అన్నారు. తథాస్తు అంతేనండి అన్నాడు. మంచి ప్రశ్నలన్నీ ఇక్కడ అలాగే చూడబడతాయి.

వదిన తలనొప్పి తగ్గిందని తలుస్తూ,
నీ చెల్లి


జనవరి 21

డౌటమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిన్ను తప్పుల విభాగంలో వేశారా? అంత చదువు చదివి చివరికి మెట్లకింద గదా? ఏం చేశావో నిజం చెప్పు. నా డ్రైవింగ్ స్కూల్లో ఎవడితోనైనా నాకు పడకపోతే ఉద్యోగం తీసెయ్యను, గేర్లు పడని పాత కారుకి వాణ్ణి ఇన్‌ఛార్జిని చేస్తాను. నాలుగు రోజుల్లో వాడే పోతాడు. పై అధికారుల మనసు నాకు తెలుసు, నేనూ ఒక పై అధికారినే.

ఇక్కడ మాత్రం నీ పరువు కాపాడాను. మా కాలనీ సంఘం మీటింగులో, అధ్యక్షుడి హోదాలో, నువ్వు విశ్వ విభాగానికి అధిపతివయ్యావని ప్రకటించాను. విశ్వంలో ఏ భాగానికి అని మా కోశాధికారి అడిగాడు. మొత్తానికి అన్నాను. వాడికి కడుపుమంట.

నా సలహా విను. తప్పు చేసినవాళ్ళనే దిద్దుకోమను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో మొత్తం ఎంత అని అడక్కు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. ఎంత ఎత్తు పెరిగావో గోడమీద గీత గీస్తుంటే, నేల ఏటవాలుగా ఉందని పేచీపెట్టి కొలవనివ్వలేదు. నేల ఏటవాలుగానే ఉంది, అది వేరే విషయం.

బరువు మిషను కంపెనీది. గ్యారంటీ కాగితం ఉంది. ఇంక దాని ఊసెత్తకు. ఈ ఉత్తరం చదివి మీ వదిన ఎందుకో నవ్వుతోంది.

నీ మేలు కోరే
అన్నయ్య


మార్చి 2

అన్నయ్యా,

గొంతు చించుకోవడానికి ఫోను లేదు కాబట్టి అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. నేనే తప్పూ చెయ్యలేదు. ఇది శిక్ష కాదు, ఉద్యోగం. రెండింటికీ తేడా తెలియడం కష్టమేననుకో.

ఇక్కడ పెద్ద సంబరం మొదలైంది. ఆ పాత వెచ్చదనంలో సుడుల్లాంటి సన్నని మెలికలు కనిపించాయి. విశ్వం పుట్టిన తొలి క్షణంలో తగిలిన కుదుపుకి అవి గుర్తులు కావచ్చు. నిజమైతే మా రంగంలో ఇంతకన్నా పెద్ద సంగతి లేదు. పెద్దాయన ఉపన్యాసం రాసేసుకున్నారు, జుట్టుకి రంగు కూడా వేయించుకున్నారు. జూన్ మొదటివారంలో లోకానికి ప్రకటన. దానికి ముందు, కొలతల్లో క్రమదోషాలేవీ లేవని నేను సంతకం పెట్టాలి.

నాకూ అవి నిజమైతే బాగుండునని ఉంది. పదేళ్ళుగా దీనికోసమే బతికాను. మొదటిరోజే ఆ బొమ్మకి ప్రింటు తీసి నా గది గోడకి అంటించుకున్నాను. కానీ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటోంది. ఉపగ్రహం రోజంతా కొలిచినదాన్ని దాచుకుని, రోజుకోసారి ట్రాన్స్‌మిటర్ వేసి కిందికి పంపుతుంది. వేసినప్పుడల్లా ఆ పెట్టె రవ్వంత వేడెక్కుతుంది, ఆర్పగానే చల్లారుతుంది. అది అవతలి చివర ఉంది, దాని సెగ కొలిచే పరికరం దాకా రాదని అందరి నమ్మకం. వస్తోందని నా అనుమానం. ఇంటితో మాట్లాడినప్పుడల్లా తనే వేడెక్కి, ఆ వేడి ఆకాశానిదనుకుంటోందేమో! రోజుకో మరక చొప్పున ఆకాశపటం చుట్టూ పడితే, అన్నీ కలిసి సుడుల్లాగే కనిపిస్తాయి.

తథాస్తు ఒప్పుకోడు. ఆయనా ఒక పరీక్ష చేశాడు. మొదటి ఆరునెలల కొలతల్లోంచి తరవాతి ఆరునెలల కొలతలు తీసేశాడు. తప్పుంటే తేడా మిగలాలి, సున్నా వచ్చింది, కాబట్టి తప్పులేదు అన్నాడు. రెండుసార్లూ ఒకే తప్పు చేస్తే తీసివేతలో సున్నా రాక ఇంకేమొస్తుంది? ఇద్దరు దొంగలు ఒకే కథ చెబితే అది సాక్ష్యమవుతుందా అని అడిగాను. తనని దొంగన్నానని అలిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఒక్క నెల ట్రాన్స్‌మిటర్ని ఆర్పకుండా వదిలేస్తే చాలు, తేలిపోతుంది. వేడి ఎక్కడం, దిగడం ఉండవు. సుడులు ఆకాశానివైతే నిలుస్తాయి, మనవైతే పోతాయి. అడిగాను. అలాంటి ఆనవాయితీ లేదన్నారు. "తప్పు మనలోనే ఉందేమోనండి, కొంచెం గడువివ్వండి" అని పెద్దాయన్ని బతిమాలాను. సంతకం పెట్టకపోతే నన్ను సందర్శకుల గ్యాలరీకి మారుస్తారట. బడిపిల్లలకి ప్లాస్టిక్ ఉపగ్రహం చూపిస్తూ, ముట్టుకోవద్దు అని చెప్పే ఉద్యోగం. సంతకం పెడితే అబద్ధానికి నా చేవ్రాలు, పెట్టకపోతే పదేళ్ళ పని పోతుంది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

వదినతో ఇదంతా చెప్పు. నీకన్నా తనకి త్వరగా అర్థమవుతుంది.

చెల్లి


మార్చి 15

డౌటమ్మా,

చివరికి నిజం నీ నోటినుంచే బయటపడింది. తప్పు నీదేనని పెద్దాయన ముందు ఒప్పుకున్నావు, గడువడిగావు. నాకు కోపం లేదు, గర్వంగా ఉంది. నా స్కూల్లో కారు గోడకి గుద్దినవాళ్ళలో గోడ అడ్డొచ్చిందనేవాళ్ళే తప్ప నేనే గుద్దానని ఒప్పుకున్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

ఒప్పుకున్నదాన్ని గ్యాలరీకి తోలడం అన్యాయం. చూస్తూ ఊరుకోవడానికి నేను లేనా? పెద్దాయనకి నేనే ఉత్తరం రాశాను, సంఘం లెటర్‌హెడ్ మీద, సీలు వేసి మరీ. ఇలా రాశాను: "అయ్యా, మా చెల్లికి చిన్నప్పటినుంచీ ప్రతిదాంట్లో తప్పు వెతికే అలవాటుంది. తన మొహం బాగాలేకపోతే అద్దానిదే తప్పంటుంది. మనసు మాత్రం వెన్న. జరిగిన తప్పు తనదేనని తనే ఒప్పుకుంది కాబట్టి పెద్దమనసుతో మన్నించి, సుడుల ఘనకార్యంలో తనకూ చోటివ్వగలరు." ఎలా ఉంది? మూడుసార్లు దిద్ది రాశాను. ఇలాంటి ఉత్తరం అందుకుని కరగని అధికారి ఉండడు.

జూన్‌లో నీకు సన్మానం కూడా ఏర్పాటు చేశాం. కమ్యూనిటీ హాలు మాట్లాడాం, బ్యానరు అచ్చయిపోయింది. "విశ్వ రహస్యం కనిపెట్టిన మన ఆడపడుచుకి అభినందనలు." మీ వదిన ఆలూ లేదు చూలూ లేదు అని ఏదో సామెత ఎత్తుకుంది. పూర్తి చెయ్యనివ్వలేదు.

ధైర్యంగా ఉండు. నేనున్నాను.

అన్నయ్య


మార్చి 30

అన్నయ్యా,

నీ ఉత్తరం ఫలించింది. పెద్దాయన దాన్ని సమీక్షా సమావేశంలో అందరిముందూ పైకి చదివారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎంతో దయగా చదివారు. "చూడమ్మా, మీ ఇంట్లోవాళ్ళే అంటున్నారు, ప్రతిదాంట్లో తప్పు వెతకడం నీకు అలవాటని. అద్దాన్నే వదలనిదానివి మా ఉపగ్రహాన్ని వదులుతావా!" అన్నారు. అందరూ నవ్వారు. తథాస్తు అంతేనండి అన్నాడు. మినిట్స్‌లో నా అభ్యంతరాన్ని "వ్యక్తిగత స్వభావం" అనే శీర్షిక కింద రాశారు. అలాంటి శీర్షిక అంతకుముందు లేదు, నాకోసమే పెట్టారు.

సంతకం ఇక తథాస్తు పెడతాడు. ప్రకటన రోజుదాకా మెట్లకింద గది నాది, మర్నాటినుంచి గ్యాలరీ.

నా మాట మీద నేను నిలబడాల్సిన రోజు పదేళ్ళకి ఒక్కటి వచ్చింది. సరిగ్గా ఆ రోజే నువ్వు నా నోరు నొక్కేశావు. మంచికే చేశావని తెలుసు. అందుకే ఇంకా మండుతోంది. చెడ్డకి చేసి ఉంటే కనీసం తిట్టి ఊరుకునేదాన్ని.

ఇక ఎవరికీ ఏమీ రాయకు. నాక్కూడా.

చెల్లి


ఏప్రిల్ 11

ఆఫీసరు గారికి,

రాయొద్దంటే మానేవాణ్ణి కానని తెలిసీ రాయొద్దన్నావు. అంటే రాయమనే.

ఇప్పుడు నేను పనికిరానివాణ్ణయ్యాను. నీకు మొదటి దుర్భిణి కొనిచ్చిందెవరు? అందులో చందమామ తలకిందులుగా కనబడుతోందని, షాపులో తిరిగిచ్చేసి రమ్మని ఏడ్చిందెవరు? ఆ షాపువాడితో నేను పడ్డ మాటలు నీకు తెలుసా? నీమీద ఈగ వాలితే విసిరికొట్టాలనుకుంటాను. ఈగకి తగలదు, నీకే తగులుతుంది. నా చెయ్యే అంత. ఏం చెయ్యను?

పెద్దాయనకి ఇంకో ఉత్తరం రాశాను. అరవకు, ముందు చదువు. "అయ్యా, మొదటి ఉత్తరం విషయం తెలియక రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను. నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఎవరైనా బ్రేకు పడడం లేదంటే, వాళ్ళ స్వభావం ఎలాంటిదని నేను అడగను. బ్రేకు తొక్కి చూస్తాను." ఇంతే రాశాను. జవాబొచ్చింది. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని అచ్చేసిన కార్డు, సుడుల బొమ్మతో పెద్ద పోస్టరు, పిల్లలు రంగులు వేసుకునే పుస్తకం. పోస్టరు చుట్టి అటకమీద పడేశాను. పుస్తకానికి మీ వదిన రంగులు వేస్తోంది.

నువ్వు ఎప్పుడో ఓసారి మాట్లాడతావు. ఆ ఒక్కసారికి నెలల తరబడి కోపం దాచుకొస్తావు. నేనూ అంతేననుకో. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళం, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. పోట్లాట మధ్యలోనే కలిసి తినేవాళ్ళం. ఇప్పుడెందుకిలా అవుతోందో నాకర్థం కావడం లేదు.

అన్నయ్య


జూన్ 9

అన్నయ్యా,

రాయొద్దన్నది నేనే, రాస్తున్నదీ నేనే. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలా అని కూర్చుంటే చెయ్యి నీ అడ్రసే రాసింది.

ప్రకటన రోజు వేదికమీద గోడంత తెర పెట్టాలని, ఉపగ్రహం పంపే కొలతలు అప్పటికప్పుడు అందులో పారుతూ కనిపించాలని పెద్దాయనకి కోరిక పుట్టింది. అతిథుల ముందు తెర నల్లబడితే పరువు పోతుంది కదా. అందుకని రిహార్సళ్ళ కోసం నెల ముందునుంచే ట్రాన్స్‌మిటర్ని ఆర్పకుండా ఉంచమని ఆయనే హుకుం జారీ చేశారు. విశ్వ రహస్యం తేల్చడానికి నేనడిగితే లేని ఆనవాయితీ, తెర నల్లబడకుండా ఉండడానికి ఒక్క వాక్యంలో పుట్టుకొచ్చింది. తనేం చేస్తున్నారో ఆయనకి తట్టలేదు. కుడివైపు కూర్చున్నాయనకీ తట్టలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నువ్వు నమ్మవు, కానీ నిజం.

కొత్త కొలతలు వారం వారం వచ్చాయి. మొదట సుడులు పలచబడ్డాయి. తరవాత అక్కడక్కడా మిగిలాయి. నెలాఖరుకి ఏమీ లేదు, చదునుగా ఉంది. నేనన్నదే నిజమైంది. గది తలుపేసుకుని, జిరాక్స్ మిషను చప్పుడులో వినబడకుండా వెక్కివెక్కి ఏడ్చాను. అవి ఉండాలని ఈ భవనంలో అందరికన్నా ఎక్కువ కోరుకున్నది నేనే అన్నయ్యా. రేపెవరూ వాటికి వంక పెట్టకూడదనే అంత వెతికాను.

బొమ్మ తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను.  రంగు వేసిన జుట్టు కింద మొహం పాలిపోయింది. "ట్రాన్స్‌మిటర్ ఆర్పకుండా ఉంచమని ఎవడు చెప్పాడు?" అని అరిచారు. తథాస్తు అలవాటు చొప్పున లేచి నిలబడి, "తమరేనండి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోటినుంచి వచ్చిన శాస్త్రీయ సత్యం అదొక్కటే.

మర్నాటికి ఉపన్యాసం మారిపోయింది. తెర అదే, పూలు అవే, అతిథులు వాళ్ళే. "మన సంస్థ ఎంతో ముందుచూపుతో, నా స్వీయ పర్యవేక్షణలో జరిపిన కఠిన పరీక్ష" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. తప్పు పట్టుకున్న ఘనతని కూడా కేటాయింపుల ప్రకారం అందరికీ పంచారు. అద్దాలవాళ్ళు తమ వాటా చాలలేదన్నారు. మెట్లకింద గది నాకే ఉంచారు, గ్యాలరీకి తథాస్తుని పంపారు. పిల్లలకి ఆయనంటే చాలా ఇష్టమట, ఏమడిగినా ఔనంటాడు కదా. చివరి నివేదికలో అంకెలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి సంతకం పెట్టాను. నా పేరు చిట్టచివర, ముద్రణాలయం పేరుకి కాస్త పైన ఉంది. ఫరవాలేదని అనను. మండుతోంది.

ఒక్క సంగతి మాత్రం ఇంకా వింతగానే ఉంది. ట్రాన్స్‌మిటర్ ఇక ఎప్పుడూ వేసే ఉంచుతారు. అంటే ఆ పెట్టె మునుపటికన్నా వేడిగానే ఉంటుంది. పరికరానికి అది పట్టదు. అది కొలిచేది తేడాలనే. ఎప్పుడూ ఉండే వేడితో దానికే ఇబ్బందీ లేదు, వెయ్యడం, ఆర్పడంతోనే వచ్చింది చిక్కంతా.

హాలు వద్దని చెప్పేశావా? బ్యానరు పారెయ్యకు, వెనకవైపు నీ స్కూలుకి పనికొస్తుంది. పరువు తీసినందుకు ఏమీ అనుకోకు.

నీ చెల్లి


జూన్ 18

డౌటమ్మా,

హాలు వద్దని ఎందుకు చెబుతాను? సభ జరిగింది. నువ్వు లేకపోయినా నీ కుర్చీకి దండ వేద్దామన్నారు, అపశకునమని నేనే వద్దన్నాను. పెయింటర్ని పిలిచి బ్యానరు దిద్దించాను. "విశ్వ రహస్యం ఇంకా కనిపెట్టలేదని కనిపెట్టిన మన ఆడపడుచుకి అభినందనలు." అక్షరాలు పట్టలేదు. అభినందనలు గోడమీదికి వెళ్ళాయి. సున్నం నేను వేయించాలట.

మా కోశాధికారి లేచి, కనిపెట్టనందుకు సన్మానమేమిటన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "లేనిదాన్ని ఉందని చెప్పుకునేవాళ్ళు వీధికి పదిమంది. పదేళ్ళు ఎదురుచూసినదాన్ని, తనకే కావాలనుకున్నదాన్ని, లేదు అని తన నోటితో చెప్పింది మా చెల్లి. నువ్వెప్పుడైనా చెప్పావా?" అన్నాను.  మైకు మీ వదినకిచ్చి కూర్చున్నాను.

ఇంకోటి. డాక్టరు దగ్గరికెళ్తే అక్కడ తూచారు. మన మిషను చూపించేదానికన్నా రెండు కిలోలు ఎక్కువొచ్చింది. అంటే నేను తగ్గలేదు, మిషనే తగ్గించింది. నవ్వుకో. కానీ దాన్ని పారెయ్యలేదు. రోజూ ఎక్కి, రెండు కిలోలు కలుపుకుంటున్నాను. ఎంత అబద్ధమాడుతుందో తెలిశాక దానిమీద కోపం పోయింది.

నీ ఉత్తరంలో ఆ పెట్టె సంగతి మీ వదినకి రెండోసారి చదివి వినిపించాను.  లేచి వెళ్ళి ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. ఇకనుంచి రోజూ చెయ్యి. ఓరోజు నువ్వు, ఓరోజు నేను. పోట్లాడుకుందాం, మధ్యలో మాత్రం పెట్టెయ్యొద్దు. నేను నోరుజారి ఏమైనా అంటే అందులోంచి రెండు కిలోలు తీసేసి విను. మిగిలింది నిజం.

అన్నయ్య